కొనేది కాలేజీనా, దాని గుర్తింపునా? అమెరికాలో దూరవిద్య విశ్వవిద్యాలయాల బేరాలు

2005 మార్చిలో అయోవా రాష్ట్రంలోని క్లింటన్ అనే పట్టణంలో ఒక చిన్న క్యాథలిక్ కాలేజీ చేతులు మారింది. సెయింట్ ఫ్రాన్సిస్ సంఘానికి చెందిన సన్యాసినులు 1918లో పెట్టిన ఆ సంస్థలో అప్పటికి మిగిలింది మూడు వందల పైచిలుకు విద్యార్థులే. కొన్నది బ్రిడ్జ్‌పాయింట్ ఎడ్యుకేషన్ అనే కొత్త కంపెనీ. కాలేజీ పేరును ఆష్‌ఫర్డ్ యూనివర్సిటీ అని మార్చింది. ఐదేళ్లు తిరిగేసరికి విద్యార్థులు 70,000 దాటారు. వాళ్లలో క్లింటన్ క్యాంపస్‌లో కూర్చుని చదివినవాళ్లు వెయ్యిమంది కూడా లేరు, మిగతావాళ్లంతా ఆన్‌లైనే. 2016లో క్యాంపస్‌కు తాళం పడినా యూనివర్సిటీ మాత్రం నడుస్తూనే ఉంది. చివరికి 2020 డిసెంబరులో యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా పెట్టిన అనుబంధ సంస్థ దాన్ని ఒక్క డాలరుకు తీసుకుంది.

ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే సంస్థకు హాస్టళ్లు, బాయిలర్లు, ఆటల మైదానాలతో పనేమిటన్నది ఎవరికైనా వచ్చే సందేహం. చాలా బేరాల్లో వాటితో పనేమీ లేదు. అసలు సరుకు కాలేజీకి ఉన్న అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యత చూసి బయటి సంస్థ ఇచ్చే గుర్తింపు, దాంతోపాటు వచ్చే ఫెడరల్ విద్యార్థి సాయం (కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లు, రుణాలు) అర్హత. భవనాలు ఆ కాగితంతో వచ్చే గుదిబండలు. అయితే అన్ని బేరాలూ ఇదే బాపతు కావు. వయోజనులకు చదువు చెప్పే లాభాపేక్ష లేని విశ్వవిద్యాలయాలు కూడా చిన్న రెసిడెన్షియల్ కాలేజీలను తీసుకున్నాయి. వాటి ఉద్దేశం వేరు, దెబ్బతిన్న తీరు కూడా వేరు.

కొత్తగా పెట్టడం కంటే కొనడం ఎందుకు తేలిక

లాభార్జన కోసం పెట్టిన కొత్త విద్యాసంస్థ ఫెడరల్ సాయానికి దరఖాస్తు చేయాలంటే, అంతకుముందు కనీసం రెండేళ్లు చట్టబద్ధంగా పాఠాలు చెప్పి ఉండాలి. అక్రెడిటేషన్‌కు పట్టే కాలం దీనికి అదనం. ప్రధానంగా మధ్య పశ్చిమ రాష్ట్రాల కాలేజీలకు గుర్తింపునిచ్చే హయ్యర్ లెర్నింగ్ కమిషన్ దగ్గర అభ్యర్థి హోదాలోనే మామూలుగా నాలుగేళ్లు, ఎంత తొందరపడినా రెండేళ్లు గడవాలి. ఆ కాలమంతా జీతాలు, సర్వర్లు, ప్రకటనల ఖర్చు సొంత జేబులోంచే. నడుస్తున్న కాలేజీని కొంటే ఈ నిరీక్షణ తప్పుతుంది.

2020 దాకా మరో కారణం కూడా ఉండేది. దూరవిద్య సంస్థల్లో చాలావాటికి ఉన్నది దేశమంతటా పనిచేసే సంస్థలిచ్చే ‘నేషనల్’ అక్రెడిటేషన్. ఒక్కో ప్రాంతానికి పరిమితమైన సంస్థలిచ్చే ‘రీజనల్’ అక్రెడిటేషన్ ఉన్న కాలేజీలు వాటి క్రెడిట్లను తరచూ ఒప్పుకునేవి కావు. అలబామాలోని కొలంబియా సదరన్ యూనివర్సిటీ ఈ మొదటి కోవలోది. దూరవిద్య సంస్థలకు గుర్తింపునిచ్చే మండలి దానికి గుర్తింపునిచ్చింది. దాని యాజమాన్యం 2010 ఆరంభంలో అయోవాలోని ఫారెస్ట్ సిటీలో ఉన్న వాల్డార్ఫ్ కాలేజీని కొన్నది. 1903 నాటి లూథరన్ కాలేజీ అది, రీజనల్ గుర్తింపు ఉన్నది. రెండు సంస్థలనూ కలిపేయలేదు, విడివిడిగానే నడిపారు. వాల్డార్ఫ్ క్యాంపస్ ఉండిపోయింది, దాని పక్కన వాల్డార్ఫ్ పేరుతోనే ఆన్‌లైన్ డిగ్రీలు వచ్చాయి, 2016లో పేరు వాల్డార్ఫ్ యూనివర్సిటీ అయింది. 2020 జూలైలో ఫెడరల్ విద్యాశాఖ ఈ నేషనల్, రీజనల్ తేడాను నిబంధనల్లోంచి తీసేసింది. కాలేజీల రిజిస్ట్రార్ల అలవాట్లు మాత్రం అంత తొందరగా మారలేదు.

2005 నాటి బేరానికి బలమిచ్చింది ఇంకొకటి, ‘50 శాతం నిబంధన’ రద్దు. 1992లో వచ్చిన ఆ నిబంధన ప్రకారం సగానికి మించి కోర్సులు దూరవిద్యలో నడిపినా, సగానికి మించి విద్యార్థులు దూరవిద్యలోనే ఉన్నా ఫెడరల్ సాయం పోయేది. పోస్టు ద్వారా నడిచే కరెస్పాండెన్స్ కోర్సుల్లో జరుగుతున్న మోసాలను అరికట్టడానికి పెట్టిన కంచె అది. 2006లో ఆన్‌లైన్ కోర్సులకు దాన్ని ఎత్తేశారు. కరెస్పాండెన్స్ కోర్సులకు మాత్రం ఇప్పటికీ ఉంది. కంచె తీశాక మూడు వందల మంది ఉన్న కాలేజీ గుర్తింపు మీద డెబ్బై వేల మందిని చేర్చుకోవడానికి ఏ అడ్డూ లేకపోయింది.

ఆ తర్వాత గుర్తింపు సంస్థలు తలుపులు బిగించాయి. నెబ్రాస్కాలోని బ్లెయిర్‌లో డేనిష్ లూథరన్లు 1884లో పెట్టిన డేనా కాలేజీ 2010లో అప్పుల్లో ఉంది. పెట్టుబడిదారుల కంపెనీ ఒకటి కొనడానికి ముందుకొచ్చింది. యాజమాన్య మార్పుకు హయ్యర్ లెర్నింగ్ కమిషన్ ఒప్పుకోలేదు. కాలేజీ లక్ష్యం అలాగే కొనసాగుతుందన్న నమ్మకం కుదరలేదన్నది ప్రధాన కారణం. కమిషన్ నిర్ణయం వెలువడిన వెంటనే డేనా మూతపడింది. ఇలాంటి ఒప్పందాల్లో ‘ప్లాన్ బి’ అనేది కాగితం మీద కూడా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే డేనాను మించిన ఉదాహరణ లేదు. చేర్చుకున్న కొత్త విద్యార్థులకు తరగతులు మొదలు కావడానికి రెండు నెలలు కూడా లేదు.

చేతులు మారే రోజు చుట్టూ జరిగే పని

బేరం కుదిరాక నాలుగు చోట్ల అనుమతి కావాలి: రాష్ట్రం, అక్రెడిటేషన్ సంస్థ, ఫెడరల్ విద్యాశాఖ, లాభాపేక్ష లేని సంస్థ ఆస్తులు ఉంటే రాష్ట్ర అటార్నీ జనరల్ లేదా కోర్టు. వీటిలో విద్యాశాఖ వరస వేరు. యాజమాన్యం మారిన క్షణాన కాలేజీకి ఉన్న సాయం అర్హత రద్దవుతుంది. గడువులోగా దరఖాస్తు పడితేనే తాత్కాలిక ఒప్పందం మీద డబ్బు ఆగకుండా వస్తుంది. 2023 జూలై నుంచి మార్పుకు కనీసం 90 రోజుల ముందే విద్యాశాఖకు నోటీసు ఇవ్వాలి, విద్యార్థులకూ చెప్పాలి.

ఏప్రిల్ 10న సంతకాలయ్యాయనుకుందాం. అప్పటినుంచి 10 పనిదినాల్లోగా పూర్తి దరఖాస్తు విద్యాశాఖకు చేరాలి. మే 31 లోగా, అంటే మార్పు జరిగిన నెల తర్వాతి నెలాఖరుకల్లా, రాష్ట్రం అనుమతి పత్రం, అక్రెడిటేషన్ సంస్థ అనుమతి పత్రం, ‘సేమ్ డే బ్యాలెన్స్ షీట్’ ఇవ్వాలి. ఈ మూడోదాని దగ్గరే చాలామంది తడబడతారు. అది సంవత్సరాంతపు లెక్క కాదు. సంతకాలు పూర్తయిన ఆ రోజు కొత్త యజమాని చేతిలో సంస్థ ఆర్థిక పరిస్థితి ఎలా ఉందో ఆడిట్ చేసి చూపించాలి. కొనడానికి తెచ్చిన అప్పు, గుడ్‌విల్ కింద (నికర ఆస్తుల విలువకు మించి పెట్టిన ధరగా) రాసుకున్న సొమ్ము అన్నీ అందులో బయటపడతాయి. గుడ్‌విల్‌ను విద్యాశాఖ ఆస్తిగా లెక్కలోకి తీసుకోదు. నికర ఆస్తుల విలువ కంటే ఎక్కువ ధర పెట్టి కొన్నవాడు ఆ ఎక్కువ మొత్తాన్ని గుడ్‌విల్ గా రాసుకుంటే, బ్యాలెన్స్ షీట్ అక్కడే తేలిపోతుంది.

కొనేవారికి రెండేళ్ల ఆడిట్ లెక్కలు లేకపోతే కిందటి ఏడాది కాలేజీకి వచ్చిన ఫెడరల్ సాయంలో 10 లేదా 25 శాతానికి బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (చెల్లింపు హామీ పత్రం) అడుగుతారు. ఆ తర్వాత ఏటా ఆర్థిక బాధ్యత స్కోరు చూస్తారు. ఇది మైనస్ 1 నుంచి 3 దాకా ఉండే కొలత. 1.5 వస్తే పాసు. 1కీ 1.5కీ మధ్య ఉంటే నిఘా. అంతకు తగ్గితే సాయంలో సగానికి గ్యారంటీ ఇవ్వాలి, లేదా 10 శాతం గ్యారంటీతో షరతుల మీద నడవాలి. అక్రెడిటేషన్ సంస్థ కూడా అనుమతి ఇచ్చి ఊరుకోదు, ఆరు నెలల్లోగా మనుషుల్ని పంపి చూడాల్సిందే.

ఏం కొంటున్నారన్నది కూడా ముఖ్యం. ఆస్తులు మాత్రమే కొంటే పాత అప్పులు, టెన్యూర్ (ప్రొఫెసర్ల శాశ్వత ఉద్యోగ) ఒప్పందాలు చాలావరకు అమ్మినవాళ్ల దగ్గరే ఉండిపోతాయని కొనేవాళ్లు లెక్కేసుకుంటారు. విద్యాశాఖకు ఇవ్వాల్సిన బాకీలకు ఈ ఎత్తు పనిచేయదు. మూడేళ్ల కిందట ఎవరో గుమస్తా అర్హత లేనివాళ్లకు సాయం ఇచ్చేస్తే, అది ఈ రోజు ఆడిట్‌లో తేలినా కట్టాల్సింది కొత్త యజమానే. లాభాపేక్ష లేని సంస్థలు రెండూ కలిసేటప్పుడు మరో పద్ధతి ఉంది: పాత కాలేజీ కార్పొరేషన్‌ను అలాగే ఉంచి, దాని మీద అధికారం ఉన్న ఏకైక సభ్యురాలిగా పెద్ద విశ్వవిద్యాలయాన్ని చేర్చడం. విరాళాల చట్టాల దృష్ట్యా ఇదే నయం.

విరాళాల సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది కానీ ఒక్క మాట చెప్పాలి. ఫలానా శాఖలో చదివే పేద విద్యార్థికి అని షరతు పెట్టి ఇచ్చిన మూలధనం కొనేవాడి సొత్తు కాదు. చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా చట్టం ప్రకారం, 25,000 డాలర్లకు లోపు ఉండి 20 ఏళ్లు దాటిన నిధుల షరతులను మాత్రమే అటార్నీ జనరల్‌కు నోటీసు ఇచ్చి, 60 రోజులు ఆగి, కోర్టుకు వెళ్లకుండా మార్చుకోవచ్చు. మిగతా వాటికి దాత రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే కోర్టు తప్పదు. వీలునామాలు ఇంకో చిక్కు. ముప్పై ఏళ్ల కిందట రాసిన వీలునామాలో కాలేజీ పాత పేరే ఉంటుంది. ఆ పేరుగల చట్టబద్ధ సంస్థ రద్దయిపోతే ఆ ఆస్తి వారసులకు పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు పాత పేరుతో ఒక ఫౌండేషన్‌ను బతికించి ఉంచుతారు. పన్ను మినహాయింపు బాండ్లతో కట్టిన హాస్టల్ లాభార్జన సంస్థ చేతికి వెళితే ఆ బాండ్ల మినహాయింపుకే ముప్పు. సాధారణంగా 90 రోజుల్లోగా వాటిని తీర్చేసే ఏర్పాటు చేయాలి. కొనుగోలు ధరలో ఈ మొత్తాన్ని కలపడం మరచిపోతే మొదటి త్రైమాసికంలోనే నగదు కటకట మొదలవుతుంది.

రెండు లెక్కలు ఒక ఇంట్లో

అనుమతులన్నీ వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. ఆన్‌లైన్ సంస్థ ఖర్చు విద్యార్థితో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. ఒక సెక్షన్‌లో 25 మంది చేరకపోతే ఆ సెక్షన్ తెరవరు, దాని పార్ట్‌టైం బోధకుడికి జీతం ఉండదు. రెసిడెన్షియల్ కాలేజీకి ఆ వెసులుబాటు లేదు. 500 పడకల హాస్టళ్లలో 300 మందే ఉన్నా, వేడినీళ్లు 500 పడకల భవనాలకే పంపాలి, బీమా 500 పడకలకే కట్టాలి, రాత్రి కాపలా మానదు. భోజనశాల కాంట్రాక్టుల్లో కనీస సంఖ్య హామీ ఉంటుంది. అంతకు తగ్గినా డబ్బు కట్టాల్సిందే. దాయాదుల వాటాల్లాగా ప్రతి భవనానికీ ఒక వాయిదా పడిన మరమ్మతు ఉంటుంది: పైకప్పు, లిఫ్టు, స్ప్రింక్లర్లు. కొనేముందు ఇంజనీర్లతో భవనంవారీ సర్వే చేయించి, రాబోయే పదేళ్లలో ఏ ఏడాది ఏది మార్చాలో రాయించుకోని సంస్థ, రెండో చలికాలంలో బాయిలర్ పగిలినప్పుడు ఆ పట్టిక రాయించుకుంటుంది.

ఫీజుల లెక్క మరో ఉచ్చు. చిన్న ప్రైవేటు కాలేజీలు ప్రకటించే ఫీజు వేరు, చేతికొచ్చేది వేరు. దేశవ్యాప్తంగా ప్రైవేటు కాలేజీల్లో కొత్తగా చేరేవారికి ఇచ్చే రాయితీ సగటున ఫీజులో సగానికి మించింది. ఆన్‌లైన్ సంస్థల్లో ప్రకటించిన ఫీజుకూ వసూలుకూ ఇంత తేడా ఉండదు కనుక, వాళ్ల ఆర్థిక విభాగం కాలేజీ ఆదాయాన్ని అలవాటు చొప్పున ఎక్కువగా అంచనా వేస్తుంది. రాయితీ కోసేద్దాం అనుకుంటే క్రీడాకారులు వేరే కాలేజీకి పోతారు. ఇలాంటి చోట్ల క్యాంపస్ విద్యార్థుల్లో పెద్ద భాగం ఏదో ఒక జట్టులో ఉన్నవాళ్లే. జట్టు పోతే పడకలూ ఖాళీ.

ఇక క్యాలెండర్. దూరవిద్యలో ఐదు, ఎనిమిది వారాల టర్ములు. క్యాంపస్‌లో 15 వారాల సెమిస్టరు. రెండింటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పెట్టేద్దాం అన్న ఆలోచన మొదటి ఏడాదిలోనే వస్తుంది. చిక్కు ఫెడరల్ సాయం దగ్గర. సెమిస్టరులో 60 శాతం రోజులు దాటకముందే విద్యార్థి మానేస్తే, ఎన్ని రోజులు చదివాడో అంత శాతమే సాయం అతనిది. మిగతాది లెక్కగట్టి 45 రోజుల్లోగా కాలేజీ తిరిగి కట్టాలి. 15 వారాల సెమిస్టరులో ఈ లెక్క సులభం. అదే సెమిస్టరును రెండు ముక్కలు చేస్తే, మొదటి ముక్క పాసై రెండోది మొదలుపెట్టని విద్యార్థి మానేసినట్టా కాదా? మొదటి ముక్కలో పూర్తిచేసిన రోజులు సెమిస్టరులో 49 శాతానికి తగ్గకపోతే మానేసినట్టు కాదు. తగ్గితే, తర్వాత వస్తానని రాతపూర్వకంగా ఇచ్చి ఉండాలి. క్యాంపస్ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా పనిచేసిన ఉద్యోగికి ఈ నిబంధన ఎన్నడూ అవసరం పడి ఉండదు.

హాజరు లెక్క కూడా ఇలాంటిదే. ఆన్‌లైన్ కోర్సులో లాగిన్ అవడం హాజరు కాదు. అసైన్‌మెంట్ పెట్టాలి, పరీక్ష రాయాలి, చర్చలో పాఠానికి సంబంధించింది ఏదైనా రాయాలి. ఆ చివరి తేదీనే మానేసిన తేదీ. తప్పుగా లాగిన్ తేదీ వేస్తే తిరిగి కట్టాల్సిన మొత్తం తక్కువగా తేలుతుంది. ఆడిటర్లు పది ఫైళ్లలో మూడింట ఇది పట్టుకుంటే మొత్తం ఫైళ్లన్నీ తిరగతోడమంటారు.

ఖర్చు తగ్గించడానికి క్యాంపస్ విద్యార్థులను ఆన్‌లైన్ సెక్షన్లలోకి పంపడం తర్వాతి అడుగు. పదిమంది ఉన్న తరగతికి ప్రొఫెసర్‌ను పెట్టడం ఎందుకు, అదే పాఠం ఆన్‌లైన్‌లో ఉంది కదా అన్న వాదన పైకి బాగానే ఉంటుంది. ఎఫ్-1 వీసా మీద వచ్చినవారి విషయంలో అది ప్రమాదకరం: ఒక టర్ములో పూర్తి కాలపు చదువుకు లెక్కలోకి వచ్చే ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే, లేదా మూడు క్రెడిట్లే. రెండో కోర్సును ఆన్‌లైన్‌కు మార్చిన రిజిస్ట్రారుకు తెలియకుండానే విద్యార్థి వీసా హోదా పోవచ్చు. మిగతా విద్యార్థులకూ ఒక ప్రశ్న మిగులుతుంది. హాస్టల్ గదిలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చదవాలంటే హాస్టల్‌కు డబ్బెందుకు కట్టాలి? దానికి యాజమాన్యం దగ్గర జవాబు లేకపోతే మరుసటి ఏడాది ప్రవేశాలే జవాబు చెబుతాయి.

దూరవిద్య సంస్థకు అసలు అలవాటు లేని పనులు కొన్ని ఉంటాయి. హాస్టళ్లున్న ప్రతి కాలేజీ ఏటా అక్టోబరు 1 కల్లా నేరాల నివేదికతో పాటు అగ్నిప్రమాదాల నివేదిక కూడా ప్రచురించాలి: ఏ హాస్టల్లో ఎన్ని మంటలు, ఎన్ని డ్రిల్లులు, ఏ రకం అలారం. ప్రధాన కార్యాలయంలో ఈ పని ఎవరిదో రాసి ఉండదు. పాత డీన్‌ను కొనుగోలు తర్వాతి పొదుపులో ఇంటికి పంపేసి ఉంటారు.

నిలిచినవి, నిలవనివి

పెట్టుబడి కంపెనీలను పక్కన పెట్టి లాభాపేక్ష లేని సంస్థలను చూసినా చిత్రం అంత గొప్పగా ఏమీ లేదు. 1964లో పుట్టి, తర్వాత సిన్సినాటి కేంద్రంగా ‘యూనివర్సిటీ వితౌట్ వాల్స్’ (గోడలు లేని విశ్వవిద్యాలయం) వంటి ప్రయోగాలు చేసిన యూనియన్ ఇన్‌స్టిట్యూట్, 2001లో వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్‌లోని వెర్మాంట్ కాలేజీని నార్విచ్ యూనివర్సిటీ నుంచి తీసుకుని తన పేరును యూనియన్ ఇన్‌స్టిట్యూట్ అండ్ యూనివర్సిటీగా మార్చుకుంది. గోడలు లేని చదువు అన్న సంస్థకు కొండమీద పాత భవనాలు వచ్చాయి. 2008 నాటికి క్యాంపస్‌ను, అక్కడి లలితకళల మాస్టర్స్ కోర్సులను వెర్మాంట్ కాలేజ్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే కొత్త సంస్థకు అమ్మేసింది. యూనియన్ 2024లో మూతపడింది.

ఒహాయోలోని ఫ్రాంక్లిన్ యూనివర్సిటీ పనిచేసే వయోజనులకు చదువు చెప్పడంలో పేరున్నది, 1902 నాటిది. 2014లో అది అప్పుల్లో ఉన్న అర్బానా యూనివర్సిటీని తీసుకుంది. 1850లో పెట్టిన రెసిడెన్షియల్ కాలేజీ అర్బానా. కొన్న సంస్థ దగ్గర డబ్బుంది, అనుభవముంది, దురుద్దేశం ఏదీ కనబడదు. అయినా క్యాంపస్ ప్రవేశాలు పెరగలేదు. కోవిడ్ వచ్చిన 2020 వసంత సెమిస్టరుతో అర్బానాను మూసేశారు. కొన్నవాళ్ల దగ్గర బలం ఉండటం వల్ల ఆరేళ్లు ఆయుష్షు పెరిగింది, జబ్బు నయం కాలేదు.

జబ్బు పైనుంచి కిందికి వచ్చిన సందర్భమూ ఉంది. న్యూహాంప్‌షైర్‌లోని నాషువాలో విమానయాన చదువులకు పేరున్న డేనియల్ వెబ్‌స్టర్ కాలేజీని ఐటీటీ ఎడ్యుకేషనల్ సర్వీసెస్ అనే లాభార్జన విద్యా కంపెనీ 2009లో కొన్నది. 2016 సెప్టెంబరులో ఐటీటీ కుప్పకూలితే దానితో పాటు ఆ కాలేజీ కూడా పోయింది. అదే రాష్ట్రంలోని సదరన్ న్యూహాంప్‌షైర్ యూనివర్సిటీ వచ్చి ఆ ఏడాది విద్యార్థుల చదువు ముగించేలా చూసింది. కాలేజీ తన నిధులను యజమాని ఖాతాతో కలపకుండా ఉంచగలిగితే ఇలాంటి చోట కొంత రక్షణ దొరుకుతుంది. కొనేవాళ్లు అందుకు ఒప్పుకోవడం అరుదు.

నిలిచినవాటిలో వాల్డార్ఫ్ ఉంది. అక్కడ క్యాంపస్‌నూ ఆన్‌లైన్‌నూ రెండు దారుల్లో నడిపారు. ఇది మాటల్లో తేలిక. లాభార్జన సంస్థలకు ఇంకో గీత కూడా ఉంది: ఆదాయంలో కనీసం 10 శాతం ఫెడరల్ విద్యార్థి సాయం కాని డబ్బు ఉండాలి. సైనికులకూ మాజీ సైనికులకూ వచ్చే చదువు సొమ్మును చాలాకాలం ఆ 10 శాతంలో వేసుకోనిచ్చారు. 2021 చట్టం మార్పు వల్ల 2023 నుంచి మొదలైన ఆర్థిక సంవత్సరాలకు అదీ ఫెడరల్ డబ్బుగానే లెక్క. సైనిక విద్యార్థుల మీద ఆధారపడిన ఆన్‌లైన్ మిగులుతో క్యాంపస్‌ను పోషించే సంస్థకు ఈ మార్పు చిన్నది కాదు.

ఇప్పుడు ఒప్పందం బల్లమీదికి వస్తే అమ్మే కాలేజీ ధర్మకర్తల మండలి ధరకంటే ముందు అడగాల్సినవి మూడు. క్యాంపస్ నష్టాన్ని ఏటా ఎంతదాకా, ఎన్నేళ్లు భరిస్తారో అంకెల్లో రాశారా. మూసేయాల్సి వస్తే కనీసం ఎన్ని నెలల ముందు చెబుతారు, అప్పటికే చేరినవాళ్లను ఏ కాలేజీ ఏ ఫీజుకు తీసుకుంటుందో టీచ్ అవుట్ ఒప్పందం సంతకాలతో సిద్ధంగా ఉందా. ట్రాన్స్‌క్రిప్టుల బాధ్యత ఎవరిది. మూడోది చిల్లర విషయంలా కనిపిస్తుంది. యాజమాన్యం రెండుసార్లు మారి, సర్వరు అద్దె కట్టేవాడు లేక, ఇరవై ఏళ్ల కిందట పట్టా పొందినవాళ్లు ఉద్యోగానికి మార్కుల కాగితం కోసం రాష్ట్ర ఉన్నత విద్యా విభాగానికి దరఖాస్తు పెట్టుకునే పరిస్థితి మూతపడిన కాలేజీల విషయంలో మామూలే. ఒప్పందంలో ఆ నిర్వహణ ఖర్చుకు విడిగా కొంత సొమ్ము ఎస్క్రోలో (మూడో పక్షం దగ్గర భద్రంగా) పెట్టించుకుంటే సరిపోతుంది. కొనుగోలు ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాని మొత్తం, కాబట్టి సంతకాలకు ముందు అడిగితే ఎవరూ కాదనరు. సంతకాలయ్యాక అడిగితే వినేవాళ్లుండరు.